ఆ లైను ఎవరు మార్చినారు?

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. మధ్యలో మాత్రం నవ్వకండి. ఇన్నేళ్లలో ఈ మాట ముగ్గురికే చెప్పాను. ఇందులో ఒక్క ముక్క కల్పించినా ఈ వేళ్లు మళ్లీ కీబోర్డు మీద ఆడకుండా పోవాలి.

అప్పట్లో నేను తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ల పని చూసేవాణ్ణి. రెండువేల మూడో, నాలుగో. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. కింది అంతస్తు గదిలో ఒక పెద్ద కంప్యూటరు, దానికి తీగలతో కలిపిన ఆరు టెర్మినళ్లు, అంటే ఒక్కోచోట ఒక తెర, ఒక కీబోర్డు. రక్తదాతల పేర్లు, గ్రూపులు, ఫోన్ నంబర్లు అన్నీ అందులోనే. ఆ ప్రోగ్రాం రాసింది దేవసహాయం సార్. చిత్తూరాయన. నాకు పని నేర్పింది కూడా ఆయనే.

ఆయనకు నేను చేసింది ముందు చెప్పాలి... అది చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

ఒకసారి ఆయన సెలవులో ఉన్నప్పుడు ప్రోగ్రాంలో ఒక లైను మార్చాను. పెద్ద తెలివి అనుకున్నాను. దాంతో దాతల గ్రూపులు తారుమారయ్యాయి. ఎవరికీ తెలియలేదు. ఒకరోజు అర్జెంటుగా పిలిపించిన దాతకు పరీక్ష చేస్తే గ్రూపు వేరే. ఇంకొకరిని వెతికేలోపు మంచం మీదున్న పెద్దాయన పోయాడు.

ఎవరు మార్చారని మేనేజరు అడిగాడు.

"దేవసహాయం సారే" అన్నాను.

ఆ రోజే ఆయన్ని పంపించేశారు. వెళ్తూ నా టేబుల్ దగ్గర ఆగారు. "రత్నం, ఆ లైను నేను మార్చలేదని నీకు తెలుసు గదప్పా?" అన్నారు. నేను తల ఎత్తలేదు. ఆయన వెళ్లిపోయారు. ఆ లైను తర్వాత నేనే సరిచేశాను. ఎనిమిది నెలలకు గుండెపోటుతో పోయారని తెలిసింది. సమాధి చేసేటప్పుడు కూడా నేను వెళ్లలేదు.

ఇక ఆ రాత్రి.

కొత్త లైబ్రరీ సీడీ వచ్చింది. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు. తెర మీద గీతలు, గళ్లు ఎలా గీయాలో ప్రతి ప్రోగ్రామూ విడిగా రాసుకోదు. ఒకచోట సిద్ధంగా ఉన్నదాన్ని అన్నీ వాడుకుంటాయి. అది మారితే, పాతదానికి అలవాటుపడిన ప్రోగ్రాం తడబడుతుంది. పగలు రద్దీ. అందుకే రాత్రి పెట్టుకున్నాను.

ఒంటిగంటన్నరకు ఎక్కించడం అయిపోయింది. ప్రోగ్రాం తెరిచాను. అడ్డగీతలు ఉండాల్సిన చోట క్యూ క్యూ క్యూ అని అక్షరాలు. నిలువు గీతల చోట ఎక్స్ ఎక్స్ ఎక్స్. బాణం కీ నొక్కితే కదలదు, ఏవో గుర్తులు పడుతున్నాయి. నేను భయపడలేదు. ఇలాంటివి ముందే చూశాను. పాత లైబ్రరీ తిరిగి పెడితే సరిపోతుంది.

అప్పుడే ఫోన్ మోగింది. పై అంతస్తు నుంచి సుగుణ సిస్టర్.

"మునిరత్నం, పుత్తూరు నించి కాన్పు కేసు వచ్చిండాది. రక్తం ఆగతా లేదు. ఓ నెగటివ్ కావల్ల. మన దగ్గర ఒక్క సంచీ గూడా లేదు. దాతల లిస్టు తీద్దామంటే ఈడ తెర మీద ఏందో పిచ్చిపిచ్చిగా వస్తా ఉండాది!"

"పాత రిజిస్టరు లేదా సిస్టర్?"

"కంప్యూటరు వచ్చినాక రిజిస్టరు రాసిందెవరప్పా! బిరీన చెయ్యి!"

పాత లైబ్రరీ పెట్టేశాను. మళ్లీ తెరిచాను. క్యూలు పోయాయి. ఎక్స్‌లు పోయాయి. తెరంతా నలుపు... నడిమధ్యన ఒక్క లైను. నేను మార్చిన లైను. అక్షరం తప్పు లేకుండా అదే. దాని కింద, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు.

ఈ లైను ఎవరు మార్చినారు?

ఏ కీ నొక్కినా కదలదు. పక్కనున్న రెండో తెర మీద, ప్రస్తుతం ఎవరెవరు కంప్యూటరు వాడుతున్నారో జాబితా తీశాను. నా పేరు. సిస్టర్ పేరు. మూడో పేరు... దేవసహాయం. నాలుగో టెర్మినల్.

ఆయన్ని పంపించేసిన రోజే ఆ పేరును నా చేత్తో నేనే తీసేశాను. నాలుగో టెర్మినల్ ఆయనది. పక్క గదిలో, పాత కాగితాల మధ్య ఉంటుంది. ఆయన వెళ్లిపోయాక దాన్ని ఎవరూ ఆన్ చేయలేదు. గదికి తాళం. తాళంచెవి నా జేబులో.

ఊపిరి బిగబట్టి విన్నాను.

తక్... తక్ తక్... తక్...

గోడ అవతల కీబోర్డు మీద వేళ్లు. చివర ధన్‌మని ఎంటర్ కీ మీద బొటనవేలి దెబ్బ. అంత గట్టిగా కొట్టే అలవాటు ఆ ఆసుపత్రిలో ఒక్కరికే ఉండేది.

తాళం తీశాను. చప్పుడు ఆగింది. కుర్చీ ఖాళీ. దాని మీద దుమ్ము. తెర వెలుగుతోంది. అదే ప్రశ్న. దాని పక్కన చిన్న పచ్చ గుర్తు కొట్టుకుంటోంది... జవాబు కోసం.

నిలబడే టైపు చేశాను. దేవసహాయం.

ఎంటర్ నొక్కకముందే చివరి అక్షరం పోయింది. దాని ముందుది పోయింది. ఒక్కొక్కటే... నిదానంగా... ఎవరో వేలుతో చెరిపినట్టు. మళ్లీ ప్రశ్న ఒక్కటే మిగిలింది.

వెనక పరుగు చప్పుడు. సుగుణ సిస్టర్ మెట్లు దిగి వచ్చింది. "ఏం చేస్తా ఉండావబ్బా? ఆడ ఆ పిల్ల తెల్లబారిపోతా ఉండాది!" తెర చూసింది. "ఎవరు మార్చినారని అడగతా ఉండాది గదా! చెప్పు! చెప్తే నీకేం పోతాది?"

ఏం పోతుందో ఆమెకు తెలియదు.

కళ్లు మూసుకుని కొట్టాను. మునిరత్నం.

ఎంతసేపో... ఏమీ లేదు. తర్వాత ఇంకో లైను పడింది.

మరి ఎవరి పేరు చెప్పినావు?

ఈసారి ఆయన పేరు కొడుతుంటే నా కంటి నీళ్లు కీల మీద పడ్డాయి. చెరిగిపోలేదు. గీతలు, గళ్లు చక్కగా గీసుకుంటూ దాతల జాబితా తెరుచుకుంది.

సిస్టర్ అక్కడి నుంచే ఫోన్లు చేసింది. ఇద్దరు ఎత్తలేదు. మూడో ఆయన అలిపిరి దగ్గర టీ కొట్టు నడిపేవాడు. స్కూటర్ మీద వచ్చి రక్తం ఇచ్చాడు. తల్లీ బిడ్డా దక్కారు.

నేను ఆ గది గడప మీదే కూలబడ్డాను. పైన మేనేజరు గదిలో ప్రింటర్ మొదలైంది. కర్ర్... కర్ర్... తెల్లారేదాకా ఆగలేదు. ఆపడానికి నేనూ లేవలేదు.

పొద్దున మేనేజరు నన్ను పైకి పిలిచి, నేల మీద పడివున్న పొడవాటి కాగితాన్ని చేత్తో ఎత్తి చూపించాడు. ప్రతి లైనులో ఒకటే. మార్చింది మునిరత్నం. చెప్పింది దేవసహాయం పేరు.

"ఏందయ్యా ఇది?"

"నిజమే సార్" అన్నాను. ఆ పూటే నన్ను పంపించేశారు.

నా తర్వాత వచ్చినతను ప్రోగ్రాం మొత్తం వెతికాడట. అలాంటి ప్రశ్న ఎక్కడా లేదన్నాడు. సార్ వెళ్లేముందే, లైబ్రరీ మారిన రోజున లేచేలా ఏదో రాసిపెట్టి ఉంటారు, పనయ్యాక అదే చెరిగిపోయి ఉంటుంది అన్నాడు. కావచ్చు. ఆయనకు అంత పని వచ్చు. కానీ నేను ఆయన పేరు చెప్పినప్పటి నుంచీ ఆయన్ని కంప్యూటరు ముట్టనివ్వలేదు. పక్కనే నిలబడి చూసింది నేనే.

వారం తర్వాత చిత్తూరు వెళ్లాను. సార్ భార్య తలుపు తీసింది. గడప బయటే నిలబడి మొత్తం చెప్పాను.

అంతా విన్నాక, "ఆ కాన్పయిన పిల్ల బతికిందా?" అంది.

"బతికిందక్కా."

"సంతోషం. మన్నించమని మాత్రం నన్ను అడగొద్దప్పా. నేను మన్నించను."

తలుపు వేసేసింది.

ఆ రాత్రి కీబోర్డు ముందు కూర్చుంది ఆయనేనా అని ఆమెనే అడుగుదామనిపించింది. తలుపు కొట్టడానికి చెయ్యి ఎత్తాను. కొట్టకుండానే దించి, బస్టాండుకు నడిచాను.