పాత పెట్రోలు తీసిన రోజు

మా ఆయన ధర్మవరం చెరువులో చేపలు పెంచుతాడు. ఆ పనికి మాకొక ఫైబర్ పడవ ఉంది, వెనక చిన్న పెట్రోలు ఇంజనుతో. నీళ్లు తగ్గగానే దాన్ని గట్టు పక్కన రేకుల షెడ్డులోకి చేర్చి టార్పాలిన్ కప్పేస్తాం. వానలు పడి చెరువు నిండాక మళ్లీ దించుతాం. దించేముందు, నెలల తరబడి ట్యాంకులో నిలవున్న పెట్రోలంతా తీసెయ్యాలి. లేకపోతే అది జిగురులా మారి ఇంజనుకు అడ్డం పడుతుంది. ఒక ఏడు బద్ధకించి అలాగే దించితే నడిచెరువులో ఇంజను ఆగిపోయి, మా ఆయన తెడ్డు వేసుకుంటూ ఒడ్డు చేరాడు.

పోయిన ఏడు ఆ పని నేనూ మా నాయనా కలిసి చేశాం.

నాయనకు హిందూపురంలో బెల్లం మండీ ఉంది. అచ్చు విరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడంటే పాకం మాడిందో లేదో, సరుకు ఎంత పాతదో చెప్పేసేవాడు. అలాంటి మనిషికి ఒక జ్వరం వచ్చి తగ్గింది కానీ, దాంతో పోయిన వాసన మాత్రం తిరిగి రాలేదు. ఓపిక పట్టమన్నారు డాక్టర్లు. ఆయన మండీ తన తమ్ముడికి వదిలేసి ఇంట్లో కూర్చున్నాడు. ఏం తిన్నా అట్ట ముక్క నమిలినట్టుందని సగంలో లేచిపోతున్నాడని అమ్మ ఫోను చేసి, కొన్నాళ్లు నీ దగ్గర ఉంచుకోమంది. అలా వచ్చాడు.

చేపల వ్యాపారం చేసేవాణ్ని నేను పెళ్లి చేసుకోవడం నాయనకు మొదట్లో మింగుడుపడలేదు. మా ఇంటికొచ్చినా చేపల కంపు పడక కిటికీ పక్కనే కూర్చునేవాడు. షెడ్డు వైపు ఒక్కసారీ రాలేదు. ఇప్పుడు వాసనే తెలియదు కాబట్టి, ఆ రోజు పొద్దున తనంతట తనే చెప్పులేసుకుని నా వెంట బయలుదేరాడు.

ఇంజనుకు కొత్త పైపు కావాలని మా ఆయన పెనుకొండలో తనకు తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్లాడు. తను వచ్చేలోపు ట్యాంకు ఖాళీ చేసి ఉంచమన్నాడు. షెడ్డు తలుపులు బార్లా తీసి, నేను చేతిపంపు గొట్టం ట్యాంకులోకి దించాను. నాయన కింద క్యాను పట్టుకుని కూర్చున్నాడు. పెట్రోలు తేనె రంగులో మెల్లగా దిగసాగింది. ఘాటు భరించలేక నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

"మే, ఇదేం కంపు?" అన్నాడు నాయన.

"పాత పెట్రోలు నాయనా. అట్లే ఉంటుంది."

"పుల్లగా ఉండాది. పాత రంగు డబ్బా మూత తీసినట్టు."

మాట పూర్తయ్యాక గానీ తానేమన్నాడో ఆయనకు తట్టలేదు. నాకూ అంతే. నేను పంపు నొక్కడం ఆపేశాను. ఆయన క్యాను మీదికి వంగి మళ్లీ పీల్చబోతే, అది అంతలా పీల్చేది కాదని భుజం పట్టి వెనక్కి లాగాను.

"వస్తాండాది మే," అన్నాడు నెమ్మదిగా. "కొంచమే. కానీ వస్తాండాది."

ఆ తర్వాత నాయన్ని పట్టుకోవడం నా వల్ల కాలేదు. షెడ్డంతా తిరిగాడు. తాడు, టార్పాలిన్, ఆఖరికి తన తువ్వాలు కూడా వాసన చూశాడు. దేనిదీ తెలియలేదు. కొత్త పెట్రోలు సీసా మూత తీసి దూరం నుంచి చూపించినా తెలియలేదు. అయినా ఆయన మొహంలో నిరాశ లేదు. మూలనున్న చేపల వల దగ్గరికి వెళ్లి చప్పున ముక్కు మూసుకున్నాడు. వెంటనే అమ్మకు ఫోను చేసి, వల కంపు కొడుతోందని సంబరంగా చెప్పాడు. అమ్మకు ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక ఫోనులోనే ఏడ్చింది.

మధ్యాహ్నం పైపుతో తిరిగొచ్చిన మా ఆయనకు జరిగింది చెప్పాను. ఆయన నాయన వైపు తిరిగి, "అయితే మామా, ఇంక మా ఇంట్లో నీకు కష్టమే," అన్నాడు. నాయన కడుపు పట్టుకుని నవ్వాడు. ఆయన అలా నవ్వడం నేను చూసి చాలా కాలమైంది.

తీసిన పెట్రోలు ఇంజను సామాన్లు కడగడానికి పనికొస్తుందని గట్టు కింద రోడ్డు మీదున్న లారీ మెకానిక్ షెడ్డు వాళ్లు పట్టుకెళ్లారు. పైపు బిగించి, కొత్త పెట్రోలు పోసి, ఎండ తగ్గాక పడవను నీళ్లలోకి తోశాం. నాయనకు ఈత రాదు. లైఫ్ జాకెట్ వేసినా రెండు పక్కలా అంచులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఇంజను కాసేపు మొరాయించి అందుకుంది. అవతలి గట్టు దాకా పోయి ఒడ్డుకు తిరిగొచ్చేసరికి ఆయన చేతులు ఒళ్లోకి వచ్చేశాయి. మా ఆయన ఇంజను ఆపబోతే, ఇంకొక చుట్టు పోదాం అన్నాడు నాయన.