నాడాలు కొట్టిన మా అత్తమ్మ

పోయిన శుక్రవారం పొద్దున మా అత్తమ్మ కన్నుమూసింది. టీ సగం తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఆనుకుంది. అంతే. ఇల్లందులో మా వాడ మసీదు మైకులో ఆ కబురు చెప్పేటప్పుడు, ఫలానా ఆయన భార్య అనో, ఫలానా వాళ్ళ తల్లి అనో అంటారనుకున్నాను. "గుర్రాలకు నాడాలు కొట్టే అమ్మ" అన్నారు. ఆడమనిషి చావుకబురులో ఆమె పని పేరు రావడం నేను అదే మొదటిసారి వినడం. ఏడుస్తూనే తలెత్తుకున్నాను.

ఆ పని మా మామయ్యది. టాంగాలు పోయిన తర్వాత పెళ్ళి బారాత్ గుర్రాలు మిగిలాయి, వాటి కాళ్ళు చూసే మనిషిగా ఆయన మిగిలాడు. గుర్రం కాలెత్తి పట్టుకోవడం అత్తమ్మ పని, డెక్క చెక్కి నాడా కొట్టడం ఆయన పని. ఆయన కుడి భుజం పడిపోయాక ఇద్దరూ స్థానాలు మార్చుకున్నారు. మా ఆయన బొగ్గు బాయి ఉద్యోగంలో చేరిపోయాడు, గుర్రాలంటే దూరంగా నిలబడే మనిషి. నేను కోడలిగా వచ్చేసరికి మా వాకిట్లో సుత్తి పట్టుకున్నది అత్తమ్మే. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, గుర్రం కాలు తన తొడల మధ్య ఇరికించుకుని, ఆకురాయితో రాస్తోంది. కొత్తకోడలినని కూడా చూడకుండా, "బిడ్డా, ఆ మేకులు ఇటియ్యి" అంది. అవే ఆమె నాతో అన్న మొదటి మాటలు.

గుర్రం దగ్గరికి వెళ్ళగానే కాలు పట్టేది కాదు. కాసేపు పక్కన నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుంటూ వానల గురించో కూరగాయల ధరల గురించో దానితోనే మాట్లాడేది. కాలెత్తాక ముందు వాసన చూసేది, తర్వాతే కన్ను పెట్టేది. కుళ్ళు వాసన వస్తే యజమానికి మూడినట్టే. "నువ్వు పండే చోట గిట్లనే బురద పోసుకుంటవా? గుర్రాన్ని తడిల నిలబెట్టి నన్ను పిలిస్తే నేనేం చేస్త?" అని వాయించేది. పెళ్ళికి వెళ్తే పెళ్ళికొడుకు ఎలా ఉన్నాడంటే చెప్పలేకపోయేది. అతనెక్కిన గుర్రం ఏ కాలు తేలిగ్గా వేస్తోందో మాత్రం చెప్పేది.

మామయ్య పోయాక పనిముట్లు కొంటామని ఎవరెవరో వచ్చారు. "ఆయన పోయిండు గని నా చేతులు పోలే" అని పంపేసింది. కానీ గుర్రాలవాళ్ళు రావడం తగ్గింది. మొగుడు పక్కన ఉన్నన్నాళ్ళూ ఆమె చేసిన పనిని ఆయన పనిగానే లెక్క వేశారని మాకు అప్పుడు అర్థమైంది. ఆమె మాత్రం రోజూ కత్తికి సాన పట్టేది. ఎందుకు అత్తమ్మా అంటే, "తుప్పు పడితే కత్తి తప్పు కాదుగా" అనేది.

అలాంటి రోజుల్లో పర్ణశాల నుంచి ఫోను వచ్చింది. యాత్రికుల పిల్లలను గుర్రమెక్కించి గోదావరి ఒడ్డున తిప్పే ఒకాయన చేశాడు. ఆయన ఆడగుర్రం ముందు కాలు నేల మీద ఆనించడం లేదట. పశువుల డాక్టరు వచ్చి చూసి, ఎముక విరిగినట్టు లేదు, డెక్క లోపలే ఏదో ఉంది, డెక్క పని బాగా తెలిసినవాళ్ళను పిలిపించు, మందులు నేను చూస్తాను అన్నాడట. ఆ డాక్టరే మా నంబరు ఇచ్చాడు.

"నాడాలు కొట్టేటాయన ఉన్నడా?" అని అడిగాడు.

"ఉంది. వస్తది," అన్నాను.

కొత్తగూడెం, భద్రాచలం బస్సులు మారి మధ్యాహ్నానికి చేరాం. మమ్మల్ని చూసి ఆయన మా వెనక ఇంకెవరో దిగుతారని బస్సు వైపే చూస్తున్నాడు. ఎవరూ దిగలేదు.

"పెద్దమ్మా, ఆడమనిషి గుర్రం కాళ్ళు పట్టుడేంది?" అన్నాడు.

"నువ్వు అడుగుతున్నవు గని గుర్రం అడగదు కొడుకా. చెయ్యి వణుకుతదా లేదా, అది గంతే చూస్తది," అంది అత్తమ్మ. సంచి దించి తిన్నగా గుర్రం దగ్గరికి నడిచింది.

తెల్ల గుర్రం. చెమటతో తడిసి, మేత ముట్టకుండా, కుడి ముందు కాలు కొస మాత్రమే ఆనించి నిలబడి ఉంది. అత్తమ్మ ఎప్పటిలాగే వానల గురించి మాట్లాడింది. తర్వాత డెక్క మీద అరచెయ్యి పెట్టి, నా చెయ్యి కూడా పెట్టించింది. పొయ్యి మీంచి దించిన గిన్నెలా ఉంది. డెక్క పైన మడమ వెనక నరం టపటపా కొట్టుకుంటోంది. చిన్న సుత్తితో డెక్క చుట్టూ మెల్లగా తట్టుకుంటూ వచ్చింది. ఒక్క చోట గుర్రం ఒళ్ళంతా విదిల్చి కాలు లాక్కుంది.

"లోపల చీము పట్టింది. వానకు డెక్క మెత్తబడి గులకరాయేదో దూరింది. చీము పోయేటందుకు దారి లేదు పాపం," అంది.

వంపు కత్తితో ఆ చోట కొంచెం చెక్కింది. ఏమీ రాలేదు. ఇంకొంచెం చెక్కింది. తెల్లటి డెక్కే తప్ప మరేమీ లేదు. కత్తి మడిచి సంచిలో పెట్టేసింది.

"గదేంది, ఆపినవ్?" అన్నాడు ఆయన.

"దారి దొరకకుండ తవ్వితే మంచి కాలును నేనే కుంటి చేసినట్టయితది. కత్తికి జల్దీ పనికిరాదు. ఉప్పు నీళ్ళు కాగబెట్టు, తవుడు తే."

ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో డెక్క నానబెట్టించింది. ఉప్పు కలిపిన తడి తవుడు డెక్క అడుగున మెత్తి, గుడ్డ చుట్టింది. నేను బట్టలు కుడతాను. టార్పాలిన్ పట్టా ముక్క కత్తిరించి, డెక్కకు సరిపోయే సంచి ఒకటి అక్కడే కూర్చుని చేత్తో కుట్టి తొడిగాను.

సాయంత్రం గుర్రాలు కొనే బేరగాడు వ్యాను తీసుకుని వచ్చాడు. కాలు పోయిన గుర్రం, ఇచ్చింది తీసుకో, రేపటికి ఇదీ ఉండదు అన్నాడు. యజమాని భార్య పలుపుతాడు పట్టుకుని ఏడుస్తోంది. ఆయన మొహంలో ఆశ సన్నగిల్లడం నేను చూశాను. అత్తమ్మ లేచి వెళ్ళి గుర్రానికీ వ్యానుకూ మధ్య నిలబడింది.

"అమ్మేటోనికి తొందర, కొనేటోనికి ఇంకింత తొందర. కాలికి తొందర లేదు. రేపు పొద్దుగాల దాక ఆగు కొడుకా. నా మాట తప్పయితే ఇగ ఈ సంచి ముట్ట."

ఆ సంచి ముట్టకపోతే ఆమె ఏం చేస్తుంది? ఇంట్లో కూర్చోవడం ఆమెకు రాదు. యజమాని వెళ్ళి భార్య చేతిలోని పలుపుతాడు తాను పట్టుకున్నాడు. "రేపు రా అన్నా," అని బేరగాణ్ణి పంపేశాడు.

తెల్లవారాక పశువుల డాక్టరు కూడా వచ్చి, ధనుర్వాతం రాకుండా ఇంజెక్షను వేసి, గుర్రం తల పట్టుకుని నిలబడ్డాడు. అత్తమ్మ కట్టు విప్పింది. నానిన డెక్క అడుగున వెంట్రుకంత నల్లగీత కనబడింది. "ఇగో, దారి," అంది నాతో. ఆ గీత వెంటే, ఊపిరి బిగబట్టి, పలచగా పలచగా చెక్కుతూ పోయింది. ఉన్నట్టుండి బూడిదరంగు నీళ్ళు చిమ్మి ఆమె మణికట్టు మీద పడ్డాయి. ఆ కంపుకు యజమాని ముక్కు మూసుకున్నాడు. అత్తమ్మ మాత్రం అత్తరు చల్లినంత సంబరంగా నవ్వింది. గుర్రం పొడుగ్గా ఊపిరి వదిలి తల వాల్చింది. కాసేపటికి ఆ కాలును తనంతట తానే నేల మీద పూర్తిగా ఆనించింది. యజమాని భార్య వచ్చి అత్తమ్మను వాటేసుకుంది.

"రంధ్రం గట్టిగ మూసెయ్యకు బిడ్డా. చీము కిందికే పోవాలె. మూస్తే లోపల్లోపల ఇంకో దారి ఎతుక్కుంటది," అని ఆమెకే కట్టు కట్టడం నేర్పింది. బేరగాడు మళ్ళీ వచ్చేసరికి గుర్రం మేత తింటోంది. వ్యాను దిగకుండానే తిరిగి పోయాడు.

ఆ తర్వాత మా ఫోను ఆగలేదు. భద్రాచలం, అశ్వారావుపేట, ఖమ్మం బారాత్ వాళ్ళు అందరూ "అమ్మ ఉందా?" అనే అడిగేవాళ్ళు. ఎవరి భార్య అని ఎవరూ అడగలేదు. పోయిన ఎండాకాలం దాకా ఆమె పని చేస్తూనే ఉంది. మోకాళ్ళు వంగనని మొరాయిస్తే పీట వేసుకుని కూర్చుని చేసింది. జనాజా రోజు మా సందులో చెప్పులు విప్పిన మగవాళ్ళలో సగానికి సగం గుర్రాలవాళ్ళే. అందులో ఒకప్పుడు ఆడమనిషేంది అన్న పర్ణశాల ఆయన కూడా ఉన్నాడు. జనాజా మంచానికి భుజం ఇచ్చి, గోరీల దాకా దించలేదట.

నిన్న మేము పర్ణశాల వెళ్ళాం, ఆయన భార్య రమ్మంటే. ఆడగుర్రం ముసలిదైంది, సవారీలు మానిపించారు. పొద్దున్నే దాన్ని గోదావరి ఇసుకలో ఊరికే వదులుతారట. అది తడి ఇసుక మీద తీరిగ్గా నీళ్ళ దాకా నడిచి వెళ్ళింది. దాని వెనక డెక్కల గుర్తులు వరసగా పడ్డాయి. నాలుగు కాళ్ళవీ ఒకే లోతు. నేను చూస్తుండగానే ఒక్కొక్క గుర్తులోకీ మెల్లగా నీళ్ళు ఊరి, ఎండకు మెరిశాయి.