రోడ్డుకు లేచిన చెయ్యి

మా పంచాయతీలో నేను వార్డు మెంబరుగా ఉన్న రోజులవి. ఆ ఏడు వచ్చిన నిధులు ఒక్క పనికే సరిపోతాయని సెక్రటరీ చెప్పారు. మా రైతుల వీధికి సిమెంటు రోడ్డు వెయ్యాలా, పల్లంలో ఉన్న మత్స్యకారుల వీధికి మురుగు కాలువ కట్టాలా అన్నది గ్రామసభలో తేల్చాలి.

సభకు ముందురోజు, ఎండుచేపలు అమ్ముకునే ఒకావిడ నన్ను దారిలో ఆపింది. "బావూ, వానొస్తే నీళ్లు మా పొయ్యిలోకి వచ్చెస్తన్నాయి. నువ్వు కాలవకే సెయ్యెత్తాల" అంది.

అక్కను పిలిచినట్టే "అలాగే అప్పా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

మర్నాడు సభలో, రోడ్డు కావాలనేవాళ్లను చేతులెత్తమన్నారు. మా వీధివాళ్లంతా ఎత్తారు. పక్కనే కూర్చున్న మా మేనమామ నా మోచేతిని పొడిచి, "ఏటిరా ఆలోసిస్తన్నావు?" అన్నాడు. నా చెయ్యీ లేచింది. ఆమె వెనక వరసలో ఉందని తెలిసి కూడా అటు చూడలేదు.

కొత్త రోడ్డు పాత బాట కంటే జానెడు ఎత్తుగా వేశారు. మొదటి పెద్దవానకే మా వీధి నీళ్లన్నీ పల్లంలోకి దిగాయి. నేను పరుగెత్తి వెళ్లేసరికి ఆమె ఇంట్లో మోకాల్లోతు నీళ్లలో నిలబడి గిన్నెతో తోడిపోస్తోంది. నేనూ ఒక బకెట్టు అందుకున్నాను.

"నన్ను తిట్టు అప్పా" అన్నాను.

"తిడితే నీళ్లెల్లిపోతాయేటి? తోడు" అంది, నా వైపు చూడకుండానే.

తర్వాతి సభలో కాలువ కావాలని నేనే లేచి అడిగాను. తీర్మానం రాశారు. పని ఇంకా మొదలవలేదు. ఆకాశంలో మబ్బు పట్టిన రోజు నాకు అన్నం సయించదు.