ఒక్క మాత్ర కూడా మింగలేదన్నాను

నా సాక్ష్యం విని రేణిగుంట ప్రార్థన కూటంలో మూడు వేల మంది ఏడ్చారు. పందిరి గుంజలు పట్టుకుని ఏడ్చినవాళ్లున్నారు. మదరాసు నుంచి వచ్చిన ప్రసంగీకుడు, ఈయన చెప్పాక ఇంక నేను చెప్పేదేముంది అని తన వంతు మానుకుని కూర్చుండిపోయాడు.

చూడండి నా బుద్ధి. ఛాతీలో ఒకప్పుడు జబ్బు ఉన్నచోటే పదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇవాళైనా దించుకుందామని కాగితం ముందు పెట్టుకుంటే, చెయ్యి మళ్లీ గొప్పలే రాసింది. మూడు వేలు కాదు. మూడు వందలుంటారేమో. అందులో సగం మంది బస్సు రాక, ఎండకు తాళలేక పందిట్లోకి వచ్చినవాళ్లు. మదరాసు ఆయన తన వంతు మానుకోలేదు, రెండు గంటలు చెప్పాడు.

కానీ కొందరు ఏడ్చిన మాట నిజం. మా ఊరు ఐరాల నుంచి మా చర్చివాళ్లతో పాటు బస్సులో వచ్చిన దీనమ్మ ఏడ్చింది. మీకు చెప్పాల్సింది ఆమె సంగతి.

నాకు క్షయ వచ్చింది, డెబ్భైల్లో. అప్పట్లో తిరుపతిలో ఒక లాడ్జీలో గదుల తాళాలిచ్చే పని నాది. కొండకొచ్చే యాత్రికులకు తాళం చెవి అందిస్తూ, మొహం పక్కకు తిప్పుకుని దగ్గేవాణ్ణి. వారమంతా అక్కడ, శనివారానికి ఐరాలలో ఇంటికి. ఒక ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మా పాస్టరు అయ్యగారు నా రొమ్ము మీద నూనె రాసి ప్రార్థన చేశారు. జబ్బు నయమైంది. ఇంతవరకు నిజమే. నేను చెప్పనిది ఏమిటంటే, ఆ ప్రార్థనకు ముందు నుంచే తిరుపతి ఆసుపత్రిలో రోజూ పొద్దున సూది వేయించుకుంటున్నాను. మూడు నెలలు సూదులు, ఆ తర్వాత ఏడాది పైగా మాత్రలు. ఊరికి తెలియదు. నా భార్య రూతమ్మకు తెలుసు. సూదులకు తుంటి గడ్డలు కడితే, వేడి ఉప్పు మూటతో కాపడం పెట్టి నన్ను చర్చికి పంపింది ఆమే.

అయ్యగారికి కూడా తెలుసు. "సూదుల సంగతి గూడా సెప్పప్పా, అదీ దేవుడి దయే గదా" అన్నారు. మొదటిసారి పొరుగూరి కూటంలో సాక్ష్యమిస్తూ చెప్పాను. చప్పగా ఉంది. సూది మాట రాగానే జనం అటూ ఇటూ కదిలారు, ఒకావిడ బిడ్డను ఎత్తుకుని బయటికి వెళ్లిపోయింది. రెండోసారి ఆ మాట మింగేశాను. ముందు వరుస అంతా ఏడ్చింది. ఆ రుచి తగిలాక ఆగుతానా నేను? ఏడాది పైగా పట్టింది కాస్తా మూడు వారాలైంది, మూడు వారాలు మూడు రోజులైంది. చెంచాడు కూడా పడని నెత్తురు చెంబెడు అయింది. ఊరూరికీ పిలిచారు. వెళ్లాను.

దీనమ్మకు ముప్పై ఏళ్లుంటాయి. చెరకు గానుగ దగ్గర, బెల్లం పొయ్యిలోకి ఎండు పిప్పి తోసే పని ఆమెది. దగ్గును మొదట పొగ వల్ల అనుకుంది. తర్వాత తెలిసింది, నాకొచ్చిన జబ్బే. నెలకోసారి చిత్తూరు వెళ్లి మాత్రలు తెచ్చుకునేది. రేణిగుంట కూటం అయిన మరుసటి ఆదివారం చర్చి మెట్ల దగ్గర నన్ను ఆపి, కొంగు ముడి విప్పి ఆ మాత్రలు చూపించింది.

"ఇయ్యి మింగితే కడుపులో తిప్పతాదన్నా. గానుగ కాడ నిలబడలేకుండా ఉండాను. నీకు నూనెతోనే పోయిందంటివి గదా. నిజంగా ఒక్క మాత్తర గూడా మింగలేదా?"

"ఒక్కటి గూడా లేదమ్మా."

"అట్లయితే నేనూ ఆపేస్తాను. ప్రార్థన సేసుకుంటా మళ్లీ మాత్తర్లు మింగితే, దేవుణ్ణి నమ్మనట్టే గదన్నా?"

అప్పుడైనా చెప్పొచ్చు. చుట్టూ ఎవరూ లేరు. పోయే పరువు ఆమె ఒక్కదాని ముందే. "అది నీ విశ్వాసం, దీనమ్మా" అన్నాను. ఎంత పెద్దమనిషి తరహాగా అన్నానో!

మరుసటి ఏడు గానుగ పొయ్యి రాజేసే వేళకు దీనమ్మ లేదు.

భూస్థాపన రోజు ఆమె భర్త యేసోబు నా చేతులు పట్టుకున్నాడు. "నీ మాట పట్టుకోనే అంత దైర్నంగా పోయినాదన్నా" అన్నాడు. నాకు కోపం వచ్చింది. నా మీద రావాల్సిన కోపం ఆ అమాయకుడి మీద వచ్చింది. ఎందుకు నమ్మావయ్యా నన్ను? సంతలో నా కబుర్లను ఎవరూ నమ్మరే, చర్చిలో చెబితే ఎట్లా నమ్మారు మీరంతా?

దేవుడు నన్ను బాగు చేయలేదని నేను అనడం లేదు. సూదిలోనూ ఆయన దయే ఉందని అయ్యగారు అన్నదే ఇప్పటికీ నమ్ముతున్నాను. అలాంటప్పుడు ఆయన చేసిన దాంట్లో సగం దాచిపెట్టి, మిగతా సగానికి ఆయన్ని పొగిడానే, అది ఎవరి గొప్ప కోసం? మోకాళ్ల మీద కూర్చున్నప్పుడల్లా ఇదే ప్రశ్న. విసుగొచ్చి లేచిపోతాను.

అయ్యగారి దగ్గరికి వెళ్లి చెప్పుకున్నాను. "నాతో కాదప్పా, సంఘంలో లేసి సెప్పు" అన్నారు. లేచాను. గొంతు సర్దుకోవడానికి ముందొక లాడ్జీ కథ అందుకున్నాను, గదిలో తాళం చెవి పెట్టి బయట తాళం వేసుకున్న ఒక యాత్రికుడి కథ. జనం పగలబడి నవ్వారు. వాళ్లు నవ్వుతుంటే కథ పెరిగింది. కూర్చున్నాను. అట్లా మూడు ఆదివారాలు లేచాను, మూడుసార్లూ నవ్వించి కూర్చున్నాను. యేసోబు కూడా నవ్వాడు. ఇంటికొచ్చి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

అందుకే ఈ కాగితం. ఇది నవ్వదు, ఏడవదు. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ పని మీది కాదు. మాత్రలు మింగాను అన్న ఒక్క మాట రాసేసరికి, చాలా రోజుల తర్వాత ఊపిరి అడుగుదాకా పోయినట్టుంది.

రాసింది రూతమ్మకు చదివి వినిపించాను. శనక్కాయలు ఒలుస్తూ తలెత్తకుండా వింది. బాగుందంటుందేమోనని ఆగాను. సిగ్గులేదు నాకు.

"ఒక్కసారే అడిగిందని రాసినావే?" అంది. "రెండుసార్లు అడిగింది. రెండోసారి మనింటికే వచ్చినాది, గోడ పట్టుకోని. 'నెత్తురు పడతాందన్నా, మళ్లీ మాత్తర్లకు పోయేదా?' అనింది. 'ఇంకొంచెం ఓర్సుకో' అంటివి. పొయ్యి కాడ ఉండాను, నాకు ఇనపడలేదనుకుంటివా? అదీ రాయి. ఇని గూడా నేను నోరు తెరవలేదు, అదీ రాయి."