మూడు పొరల ముసుగు

బేతంచెర్లలో లక్ష్మీప్రియంత నిలకడ లేని మనిషి ఇంకొకరు ఉండరు. పెన్ను ఇస్తే మూత నములుతుంది, కుర్చీ వేస్తే అంచున కూర్చుంటుంది. అలాంటి పిల్లకు దేవుడు లోకంలోకెల్లా నిదానమైన కంప్యూటర్‌ను జత చేశాడు. ఆయనకూ పొద్దుపోవాలి కదా!

డిగ్రీ అయ్యాక నాలుగేళ్లుగా ఆమె బండల పాలిష్ ఫ్యాక్టరీలో లోడు చీటీలు రాస్తోంది. ఇంటికొచ్చి, తనంతట తానే ఫోన్ యాప్‌లు చేయడం నేర్చుకుంది. ఏ లారీలో ఏ రకం బండలు ఎన్ని ఎక్కాయో చూపించే యాప్ ఒకటి తయారుచేసింది. కడపలో ఒక చిన్న కంపెనీవాళ్లు ఈరోజు మూడున్నరకు వీడియోలో దాన్ని నడిపి చూపించమన్నారు. నచ్చితే ఉద్యోగం, లేకుంటే మళ్లీ చీటీలే.

ఆమె పాత ఫోన్‌లో ఆ యాప్ ఎక్కదు. అందుకని కంప్యూటర్ తెరమీదే ఉత్తుత్తి ఫోన్ ఒకటి తెరిచి, అందులో నడపాలి. ఎమ్యులేటర్ అంటారు దాన్ని. అది మేలుకోవడానికే పావుగంట పట్టేది.

వారం రోజులు దాంతో కుస్తీ పట్టింది. కంప్యూటర్ లోలోపలి సెట్టింగుల్లోకి పోయి, ఉత్తుత్తి ఫోన్‌కు ఊతమిచ్చే వర్చువలైజేషన్ ఆగిపోయి ఉంటే దాన్ని ఆన్ చేసింది. ఉత్తుత్తి ఫోన్ తెర చిన్నది చేసింది, మెమరీ సర్దింది, ప్రతిసారీ మొదటినుంచి కాకుండా పడుకున్న చోటినుంచే లేచేట్టు పెట్టింది. పావుగంట కాస్తా నిమిషానికి దిగింది. కానీ ఏం లాభం? పది నిమిషాలు నడిచిందంటే మళ్లీ నత్తనడకే.

రెండున్నర అయింది. కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతోంది. అప్పుడే వాళ్లమ్మ గంగాదేవి అన్నానికి ఇంటికొచ్చింది. అదే ఫ్యాక్టరీలో కోత మిషన్ దగ్గర బండలు అందిస్తుంది. తలమీద, రెప్పలమీద తెల్లటి రాతిపొడి.

"ఇంకా కాలేదా పాపా?"

"నన్ను పలకరించొద్దుమా! గంట ఉండాది. ఇదేమో కదల్యా."

గంగాదేవి కంప్యూటర్ డబ్బా మీద చెయ్యి పెట్టింది. డబ్బా అంటే డబ్బా కాదు, దాని ముసుగు మీద. ఆ వీధిలో టీవీకి ముసుగు, మిక్సీకి ముసుగు, పాల గిన్నెకు ముసుగు. రాతిపొడి దేన్నీ వదలదు. కూతురి కంప్యూటర్‌కైతే గంగాదేవి పాత నూలుచీర మూడు పొరలు వేసి కుట్టింది, వైర్లకు, స్విచ్చికి మాత్రం చిల్లులు పెట్టి.

"పెనం మాదిరి కాలిపోతాండాది గదా! కోత మిషన్ గూడా నీళ్లు పోయకుంటే ఇట్లే మొరాయిస్తాది. దీనికి గాలన్నా ఆడాల గదా పాపా?"

లక్ష్మీప్రియకు సిగ్గేసింది. ఇంటర్నెట్టంతా తిరగేసింది, ముసుగు తీయమని ఎవరూ రాయలేదు. రాసేవాళ్ల ఊళ్లో ముసుగులుండవు మరి.

గంగాదేవే ముసుగు ముడులు విప్పింది. కంప్యూటర్ ఆపి, మూత తీసి, ఫ్యానుకు పట్టిన పొడి బ్రష్షుతో దులిపారు. మూడూ ఇరవైకి మళ్లీ ఆన్ చేశారు. మూడున్నరకు వీడియో మొదలైంది. తన కంప్యూటర్ చాలా పాతదని ముందే చెప్పుకుంది. ఇరవై నిమిషాలు యాప్ ఒక్కసారి కూడా తడబడలేదు. గంగాదేవి పొడి రాకుండా కిటికీ మూసి, దానికే ఆనుకుని నిలబడింది.

"ఇంత పాత కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ ఇంత స్పీడుగా ఎట్లా నడుపుతున్నారమ్మా?" అన్నాడు కడప సారు.

ఆమె చేసినవన్నీ చెప్పి, "చివరికి మా అమ్మ ముసుగు తీసింది సార్" అంది. ఆయన నవ్వి, సంగతంతా అడిగి తెలుసుకున్నాడు. "సోమవారం వచ్చి చేరండి" అన్నాడు.

ఎగిరి గంతేసి వెనక్కి తిరిగితే అమ్మ లేదు. పనికి ఆలస్యమైందని వెళ్లిపోయింది. వీధిలోంచి ఆమె దగ్గు వినిపించింది.

లక్ష్మీప్రియ కిందపడి ఉన్న ముసుగు చూసింది. ఇరవై ఏళ్లు కోత మిషన్ పక్కన నిలబడి, తన ముక్కుకు ఒక్క పొర కట్టుకోని మనిషి, డబ్బాకు మూడు పొరలు కుట్టింది. తన మీద తనకే కోపం తన్నుకొచ్చింది. ఒక పొర చించుకుని వీధిలోకి పరుగెత్తి, అమ్మను ఆపి ముక్కుకు అడ్డంగా కట్టింది.

"వద్దు పాపా, ఊపిరాడదు."

"సోమవారం దాకా కట్టుకో మా. ఆమీట నువ్వు ఆ మిషన్ కాడికే పోవద్దు."

గంగాదేవి గుడ్డ విప్పబోయిన చెయ్యి దించేసింది.