ఛార్జింగ్ ఎక్కని మూడు చక్రాల బండి

చిన్నప్పుడు పోలియో వచ్చి నా రెండు కాళ్లూ పడిపోయాయి. మంచం దగ్గర నుంచి గడప దాకా చేతుల మీద జరుగుతూ రాగలను, గోడ పట్టుకుని బండి ఎక్కగలను. అంతకుమించి నాకు నడక లేదు. బ్యాటరీతో నడిచే మూడు చక్రాల బండి వచ్చాకే ఎవరి సాయం లేకుండా వీధిలోకి వెళ్లడం తెలిసింది. ఉప్పల్‌లో చిలుకానగర్ వైపు అమ్మ, అన్న, నేను అద్దెకుండేవాళ్లం. నాచారంలో ఒక బట్టల ఫ్యాక్టరీలో నాకు పని. కుట్టిన చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరించి, గుండీలు సరిచూసి మడతపెట్టాలి. సాయంత్రం ఇంటికి రాగానే బండికి ఛార్జర్ పెట్టేదాన్ని. ఎర్ర లైటు వెలిగేది, తెల్లారేసరికి అది పచ్చగా మారేది. ఇంతకంటే ఆ బండి గురించి నాకేమీ తెలియదు.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజుల్లో అది మొరాయించింది. బస్సులు డిపోలోంచి బయటికి రావడం లేదు. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో తెలియదు. ఫ్యాక్టరీకి సగం మంది రావడం మానేశారు. వచ్చేవాళ్లతోనే పని నడిపిస్తామని, రానివాళ్ల సంగతి తర్వాత చూస్తామని సూపర్‌వైజర్ అన్నాడు. బండి ఉంది కాబట్టి నాకు దిగుల్లేదనుకున్నాను.

ఒక సాయంత్రం ఛార్జర్ పెట్టగానే నేరుగా పచ్చ లైటే వెలిగింది. ఇవాళ కరెంటు ఎక్కువగా లేదు, ఇంత త్వరగా ఎట్లా నిండింది అని ఒక క్షణం అనిపించింది. పచ్చ అంటే నిండినట్టే కదా అని ఊరుకున్నాను. మర్నాడు ఫ్యాక్టరీకి బాగానే వెళ్లాను. తిరిగొస్తుంటే నాచారం మెయిన్ రోడ్డు దాటే చోట బండి నెమ్మదించింది. హ్యాండిల్ ఎంత తిప్పినా ముక్కుతూ నాలుగడుగులు వేసి, సరిగ్గా రోడ్డు మధ్యలో ఆగిపోయింది.

వెనక నుంచి లారీ హారన్ కొడుతూనే ఉంది. డ్రైవర్‌కు నేను కనిపిస్తున్నానో లేదో తెలియదు. దిగి పక్కకు పోదామంటే నడవలేను. దిగితే ఇంకా కిందికి, చక్రాల ఎత్తుకు వెళ్లిపోతాను. రెండు చేతులూ పైకెత్తి ఊపాను. షిఫ్టు దిగి వస్తున్న ఇద్దరు ఆడవాళ్లు టిఫిన్ డబ్బాలు నా ఒళ్లో పడేసి బండిని పక్కకు నెట్టారు. ఫోన్ చేస్తే అన్న వచ్చి ఇంటిదాకా తోసుకొచ్చాడు. వెనక లారీ ఏదైనా వస్తోందేమోనని దారంతా నేను తిరిగి చూస్తూనే ఉన్నాను.

ఇంట్లో మళ్లీ ఛార్జర్ పెడితే మళ్లీ పచ్చ లైటే. అన్న గోదాంలో పని చేస్తాడు. మెకానిక్ కాదు గానీ ఇంట్లో చిన్నచిన్న రిపేర్లు తనే చేసుకుంటాడు. ముందు గోడ ప్లగ్గులో టేబుల్ ఫ్యాన్ పెట్టి చూశాడు, తిరిగింది. ఛార్జర్‌ను వంటగది ప్లగ్గుకు మార్చాడు, అప్పుడూ పచ్చే. వైర్లు ఊపి చూశాడు. చివరికి బండి కింద ఛార్జింగ్ వైరుకున్న చిన్న ప్లాస్టిక్ డబ్బీ తెరిస్తే లోపలి ఫ్యూజు నల్లగా మాడిపోయి ఉంది. ఛార్జర్ నుంచి బ్యాటరీకి దారి తెగిందన్నమాట. అందుకే అది నిండిందనుకుని పచ్చగా వెలుగుతోంది.

ఉప్పల్ చౌరస్తాలో ఎలక్ట్రికల్ షాపులన్నీ మూసి ఉన్నాయి. పాత వైరు చెక్కి ఒక రాగి పోగు తీశాడు అన్న.

"గీ ఫ్యూజు జాగల తీగ పోగు పెడ్త. దుకాన్లు తెరిచినంక కొత్తది తెస్త. ఏం గాదు, నువ్వు ఫికర్ జెయ్యకు."

నాకు ధైర్యం చాలలేదు. పక్క వాటాలో ఉండే అంకుల్‌ను ఒకసారి అడుగుదామన్నాను. ఆయనది గుంటూరు వైపు. ఏఎస్ రావు నగర్ దగ్గర ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఉద్యోగం. నెల కిందట రాష్ట్రం మాట మీద గేటు దగ్గర ఆయనకూ అన్నకూ మాటా మాటా పెరిగింది. అప్పటి నుంచి ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. చీకటి పడకముందే వాళ్ల తలుపు మూసుకునేది.

"ఆయనతోని మనకేం పని?" అన్నాడు అన్న. అంతటితో ఆ మాట ఆగిపోయింది.

పోగు పెట్టగానే ఛార్జర్ మీద ఎర్ర లైటు వెలిగింది. అమ్మ దేవుడి పటం వైపు చూసి దండం పెట్టుకుంది. నాకూ ఊపిరాడింది. ఛార్జింగ్ అవుతుండగానే, రోజూలాగే వరండాలో గాలికి బండెక్కి సీటు మీద కూర్చున్నాను. నా బరువు పడిందో లేదో కింద చిట్‌మని చప్పుడైంది. ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది. తొడల కింద వేడి తెలిసింది. నా కాళ్లకు నడక లేదు గానీ స్పర్శ పోలేదు. రెండు పక్కల నుంచీ పొగ లేచింది.

గట్టిగా అరిచాను. అన్న ప్లగ్గు పీకేశాడు. పొగ ఆగలేదు, ఇంకా చిక్కబడింది. దిగుదామని హ్యాండిల్ పట్టుకున్నాను గానీ భయానికి చేతుల్లో పట్టు చిక్కలేదు. అమ్మ బిందె ఎత్తుకొచ్చింది. ఇక్కడే, ఈ సీటు మీదే పోతానని నిజంగా అనుకున్నాను.

పక్క వాటా తలుపు తెరుచుకుంది. అంకుల్ లుంగీతోనే పరుగెత్తుకొచ్చాడు.

"నీళ్లొద్దమ్మా. ముందు అమ్మాయిని దించండి."

అన్న నన్ను చంకల కింద పట్టి లాగాడు. ఇద్దరం వరండాలో వెల్లకిలా పడ్డాం.

"ప్లగ్గు పీకిన గదా, ఇంకెందుకు గాలుతుంది?" అని అన్న పడ్డచోటి నుంచే అడిగాడు.

"గోడలోంచి కాదయ్యా, బ్యాటరీలోంచే వస్తోంది కరెంటు."

ఆయన సీటు ఎత్తి పక్కకు విసిరేసి, పొగలోనే చెయ్యి పెట్టి, బ్యాటరీకి వైరును పట్టి ఉంచే బిగింపును గుంజి ఊడదీశాడు. పొగ తగ్గింది. ఆయన వేళ్లు కాలి బొబ్బలెక్కాయి. అమ్మ ఆ బిందె నీళ్లు ఆయన చేతుల మీద పోసింది.

కొంచెం స్థిమితపడ్డాక టార్చి వేసి చూపించాడు. సీటు కింద ఛార్జింగ్ వైర్లను ఎలుకలు కొరికేశాయి. రెండు తీగలూ పైతొక్క లేకుండా బయటపడ్డాయి. నేను కూర్చుంటే సీటు వాటిని నొక్కుతుంది, రెండూ ఒకదానికొకటి తగులుతాయి. మొదట ఫ్యూజు పోయింది కూడా అందుకే. తీగ పోగు కాలిపోకుండా నిలబడేసరికి వైర్లే కాలాయి. తప్పెవరిదో ఆయన అనలేదు. అన్న వంగి ఆ తీగ పోగును పీకి పారేశాడు.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి అంకుల్ ఒక మాట చెప్పాడు.

"మీ కేకలు విని మా ఇంటి మీదికే ఎవరో వచ్చారనుకున్నామమ్మా. మా ఆవిడ తలుపు తియ్యొద్దంది."

గోడకు ఇటు నేను నా బండిని చూసి భయపడుతున్నాను. అటు వాళ్లు మా గొంతులు విని భయపడుతున్నారు. అన్ని రోజులుగా ఆ సంగతి నాకు తట్టనే లేదు.

షాపులు తెరిచాక అన్న కొత్త వైరు, సరైన ఫ్యూజు తెచ్చి వాళ్ల తలుపు కొట్టాడు. లోపలికి రమ్మన్నారు. చాలాసేపటికి ఇద్దరూ కలిసి బయటికొచ్చారు. అంకుల్ కట్టు కట్టిన చేత్తో చూపిస్తుంటే అన్న వైరు బిగించాడు, దానికి రబ్బరు గొట్టం తొడిగాడు. అంకుల్ తన కరెంటు కొలిచే మీటరు పెట్టి చూస్తే ఛార్జర్‌కు ఏమీ కాలేదు. బ్యాటరీలూ దెబ్బతినలేదు. ఎర్ర లైటు వెలిగింది. ఈసారి నేను చప్పున సీటు ఎక్కలేదు. మధ్యాహ్నం దాకా గడపలో కూర్చుని వాసన చూస్తూనే ఉన్నాను.

మొదటి రోజు ఫ్యాక్టరీకి వెళ్తుంటే అన్న సైకిల్ మీద వెనకే వచ్చాడు. రోడ్డు మీద చిన్న గుంత తగిలినా బండిని నెమ్మది చేశాను. ఎవరో చెత్త కాలుస్తుంటే ఆ వాసనకు బండి ఆపి, సీటు కింద చెయ్యి పెట్టి తడిమి చూసుకున్నాను. అన్న సైకిల్ దిగి వంగి చూసి, ఏమీ లేదని చెప్పాడు. నమ్మడానికి చాలాసేపు పట్టింది. ఉద్యోగం పోలేదు. భయం మాత్రం చాలా నెలలు నాతోపాటే ఫ్యాక్టరీకి వచ్చి, నాతోపాటే ఇంటికి చేరేది.

రాష్ట్రం వచ్చాక అంకుల్ వాళ్లు ఏఎస్ రావు నగర్‌లో వేరే ఇంటికి మారారు. ఆ రోజు అన్న పనికి సెలవు పెట్టి వాళ్ల బీరువాను ట్రాలీ ఆటోలోకి ఎక్కించాడు. ఆంటీ నా దగ్గరికొచ్చి, బండి బాగా నడుస్తోందా అని అడిగింది. నడుస్తోందన్నాను. ఛార్జింగ్ పెట్టి నిద్రపోవద్దని చెప్పి, నా తల నిమిరి వెళ్లిపోయింది.