జింకలు పసిగట్టిన మా ఇంటి వాసన

మా చిన్నప్పుడు... నవ్వకండి, కరోనా రోజుల మాటే, కానీ అప్పుడు నాకు పన్నెండేళ్ళు... సాయంత్రం అయ్యేసరికి మెట్ల మీద నుంచి పిలుపు వచ్చేది. "అమ్మలూ, నీ ముక్కుతో పనుంది, ఒకసారి రామ్మా."

హోంవర్క్ ఎక్కడిదక్కడ పడేసి పరిగెత్తేదాన్ని.

పిలిచేది మా ఇంటి ఓనరు డాక్టర్ తాతగారు. గుంటూరు నుంచి యాభై ఏళ్ళ కిందట వచ్చి, జర్మనీలో కైసర్స్‌లౌటర్న్ దగ్గర అడవి అంచున ఒక పల్లెలో స్థిరపడిపోయారు. పైన ఆయన, కింద మేము. అక్కడ వేటాడాలంటే పెద్ద పరీక్ష పాసవ్వాలి... జర్మన్లే తప్పే ఆ పరీక్షను మొదటిసారికే గట్టెక్కిన మనిషి. నాకు ఆయనంటే ఎంత గొప్పో చెప్పలేను.

ఆ చలికాలం ఆయనకు కరోనా వచ్చింది... తగ్గింది... కానీ వాసన తెలియడం పోయింది. కాఫీ అయినా ఒకటే, కషాయం అయినా ఒకటే అనేవారు.

వేటగాడికి అది చిన్న కష్టం కాదు. మన ఒంటి మీద సబ్బు, కొబ్బరినూనె, సిగరెట్టు... ఏ వాసన ఉన్నా జింక దూరం నుంచే పసిగట్టి మాయమవుతుంది. అందుకే ఆయన ఎప్పుడో సిగరెట్లు మానేశారు. వాసన లేని సబ్బుతోనే స్నానం. వేట కోటును తన గదిలో కూడా ఉంచకుండా కింద మెట్ల దగ్గర కొక్కేనికి తగిలించేవారు. ఇప్పుడు దానికేమైనా వాసన అంటిందో లేదో చెప్పాల్సింది నేను.

రూలు రూలే కదా... ఆయన మీటరున్నర వెనక్కి జరిగేవారు. నేను మాస్కు దించి, కోటు కాలరు, చేతులు, జేబులు అన్నీ పీల్చి చూసి, "ఏమీ లేదు తాతగారూ" అని తీర్పు చెప్పేదాన్ని. నా మాట మీద నమ్మకంతో ఆయన తుపాకీ తీసుకుని అడవికి వెళ్ళేవారు.

రోజూ ఉత్త చేతులతోనే తిరిగి వచ్చేవారు.

ఆ ఏడు పెద్ద చిక్కే ఉంది. పురుగు పట్టి ఎండిపోయిన చెట్లు కొట్టేసి ఊరివాళ్ళు కొత్తగా ఓక్ మొక్కలు నాటారు. జింకలు వాటి చిగుళ్ళు తినేస్తున్నాయి. ఆకు రాలే కాలంలోపు జింకలు తగ్గకపోతే ఊరు తాతగారికి కౌలుకిచ్చిన వేట చోటును ఎవరైనా వయసులో ఉన్నవాళ్ళకు ఇచ్చేస్తామని చెప్పేశారు. భార్య పోయాక ఆయనకు ఆ అడవి తప్ప వేరే లోకం లేదు. నాకు భయం వేసేది... 

విచిత్రం ఏమిటంటే, ఆయన స్నేహితుడు వెర్నర్ మంచె మీద కూర్చుని గుప్పుగుప్పున పైపు తాగేవాడు. జింకలేమో అతనికే దొరికేవి.

ఒక ఆదివారం ఆ వెర్నర్ గుమ్మం దగ్గరికి వచ్చి, కోటు పక్కన నిలబడి, నోట్లోంచి పైపు తీసి అన్నాడు: "డాక్టర్, నీ కోటు నన్ను భోజనానికి పిలుస్తోంది."

నాకు ఒక్కసారిగా వెలిగింది. మాది నిజామాబాద్... మా అమ్మ ఇంగువ, ఎండుమిర్చి వేసి పోపు పెట్టిందంటే సీలింగుకున్న పొగ అలారం ఊరుకోదు. "తలుపు తీయకుంటే అది ఒకటే మొత్తుకుంటది" అని మెట్ల వైపు తలుపు బార్లా తెరిచేది. ఆ పోపంతా నెలల తరబడి కోటు పట్టేసుకుంది. రోజూ ముక్కు పెట్టి చూసిన నాకు మాత్రం ఏమీ తెలియలేదు.

ఏడుపొచ్చేసింది. "నా వల్లే తాతగారూ" అన్నాను.

"నువ్వు అబద్ధం చెప్పలేదుగా అమ్మలూ. ఏ ఇంటి వాసన ఆ ఇంటివాళ్ళకి తెలీదు. మీ అమ్మకి మాత్రం ఈ సంగతి చెప్పబాకు... రేపటి నుంచి తలుపు తియ్యటానికి బెదురుతుంది. కోటు కూడా అక్కడే ఉంటుంది, తీస్తే ఎందుకు తీశారంటుంది."

కోటు మార్చలేదు... తాను కూర్చునే చోటు మార్చారు. ఆయన మంచె లోయలో ఉంది, అక్కడ సాయంత్రాలు గాలి సుడి తిరుగుతుంది. వెర్నర్‌ది పైన గట్టు మీద, అక్కడ గాలి ఎప్పుడూ ఒకే వైపు. వెర్నర్ మంచె ఇచ్చాడు, నన్ను కూడా తీసుకెళ్ళారు. తాతగారు జేబులోంచి చిటికెడు విభూతి తీసి వదిలారు. అది మా వెనక్కి తేలిపోయింది. "చూశావా, గాలి మన మొహానికి కొడుతోంది. వెర్నర్ పొగా ఇట్టాగే వెనక్కి పోయేది. ఇంక మనం పైపు తాగినా ఒకటే, పోపు పెట్టినా ఒకటే" అని గుసగుసగా అన్నారు.

గంట తర్వాత ముప్పై అడుగుల దూరంలో జింక... ఒక్కటే గుండు.

ఆయన టోపీ తీసి, దాని నోట్లో ఒక పచ్చని రెమ్మ పెట్టి, తల వంచుకుని నిలబడ్డారు. అది దానికి చివరి మేతట, అక్కడి ఆచారం. నేను ఏడ్చాను. ఏడవొద్దని ఆయన అనలేదు. అంత మర్యాదగా ప్రాణం తీసే మనిషిని, ఒక ఇల్లాలు నొచ్చుకోకూడదని తన మంచెనే వదులుకున్న మనిషిని, ఇంకొకరిని చూడలేదు.

ఆ ఏడు ఆయన వేట చోటు ఆయనకే ఉండిపోయింది. మోకాళ్ళు ఇక వద్దనేవరకు ఇంకో మూడేళ్ళు వెళ్ళారు. వాసన మాత్రం ఈనాటికీ రాలేదు.

ఇప్పుడు నేను డార్మ్‌స్టాట్‌లో చదువుకుంటున్నాను. హాస్టల్లో పాస్తాలు, బ్రెడ్డు... పోయిన నెల ఇంటికి వెళ్ళి తలుపు తెరిచాను. గుప్పున ఇంగువ, ఎండుమిర్చి, నెయ్యి... గుమ్మంలోనే ఆగిపోయాను. ఎంత పీల్చినా దొరకని వాసన, మొదటిసారి తెలిసింది.

అమ్మ ఏమైందే అంది. ఏం లేదన్నాను.

మీకూ ఇలా ఎప్పుడైనా తెలిసిందా... తెలిసిన రోజు సంతోషపడ్డారా, నాలాగే గుమ్మంలో నిలబడిపోయారా...